బొంత కుట్టే ఇల్లు



మాది కామవరపుకోట. ఏలూరు నుంచి ఉత్తరంగా బయల్దేరితే కొల్లేటి చేపల చెరువులూ వరిచేలూ వెనకబడిపోయి నేల మెల్లగా ఎర్రబడుతుంది. కొబ్బరి, పామాయిలు, కోకో, జీడిమామిడి, పొగాకు, మొక్కజొన్న. దీన్ని మెట్ట అంటాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాం. నేను ఇక్కడ బొంతలు కుడతాను. ఈ పూట చెప్పబోయేది ఆ పని గురించీ, ఆ పని జరిగే ఇంటి గురించీ. ఆ ఇంట్లో పొయ్యి ఉంటుంది, పిల్లులుంటాయి. వాటిని పక్కనపెట్టి బొంత సంగతి చెప్పడం నాకు చేతకాదు.

మా వైపు చేతిపనుల పేర్లు చెప్పమంటే ఎవరైనా రెండు చెబుతారు. ఒకటి ఏలూరు తివాచీ, రెండోది నరసాపురం లేసు. ఏలూరు ఉన్ని తివాచీల పని పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు మొదలుపెట్టారని చెప్పుకుంటారు. అవి ఓడలెక్కి ఐరోపా ఇళ్ళదాకా వెళ్ళాయి. లేసు అల్లకం 19వ శతాబ్దంలో మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దంపతులు నేర్పిన పని. అది డెల్టా పల్లెల్లో ఇంటింటికీ పాకింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. ఈ రెండూ పరాయి ఇళ్ళకి అమ్ముడుపోయిన పనులు. అందుకే వాటికి పేరుంది, ధర ఉంది, కాగితాల్లో చోటుంది. బొంత సొంత ఇంటికోసం కుట్టుకున్నది. అమ్మలేదు గనక ధర లేదు, ధర లేదు గనక లెక్క లేదు. తెలుగునాట బొంత లేని ఊరు ఉండి ఉండదు. అయినా ఫలానా ఊరి బొంత అని ఎవరూ అనలేదు.

లేసు సంగతిలోనూ పేరు పనికి వచ్చిందే గాని, పనిచేసిన చేతులకు రాలేదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళను అందరూ ఇంట్లో ఖాళీగా కూర్చుని ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారని ఆవిడ చూపించారు. ఖాళీ అనే మాటనే నేను ఒప్పుకోలేను. అన్నం వార్చి, బట్టలు ఆరేసి, పిల్లాడి జ్వరం చూసి, ఆ తరవాత సూది పట్టుకునే మనిషికి ఖాళీ ఎక్కడిది?

సరే, పనిలోకి వస్తాను. బొంత కుట్టడం చీరతో మొదలవుతుంది. కొత్త చీర పనికిరాదు. ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, గంజి దిగిపోయి, చేతికి మెత్తగా తగిలే నూలు చీర కావాలి. చీరను విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటాను. అప్పుడు అది తన కథంతా చెబుతుంది. కూర్చున్నప్పుడు ఒత్తుకునే చోట పోగులు పలచబడి ఉంటాయి. కుచ్చిళ్ళ దగ్గర ఇంకా గట్టిగా ఉంటుంది. కొంగు చివర ముడులు వేసి వేసి, తాళాలు కట్టి కట్టి నలిగి ఉంటుంది. అంచు మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు. మంగళగిరి చీరల నిజాం అంచయితే చీర పోయాక కూడా ఉంటుంది. ఆ అంచుల్ని విడిగా చింపి దాచుకుంటాను, చివర్న బొంతకు కట్టుగా పనికొస్తాయి. తరవాత గుడ్డను ఏటవాలుగా పట్టి లాగి చూస్తాను. పర్రున చిరిగితే అది లోపలి పొరలోకి, లాగినా నిలబడితే పై పొరలోకి. పాత పంచెలూ లుంగీలూ అన్నీ లోపలికే. పైన ముదురు రంగు పెడతాను, మాసినట్టు తొందరగా కనబడదు.

చీర అయిదున్నర మీటర్లు. సగానికి మడిస్తే రెండు మీటర్ల ముప్పావు పొడవు, ఒక మనిషి పడుకునే వెడల్పు. అంటే ఒక్కో చీరకీ రెండు పొరలు. ఒక మనిషి బొంతకు మూడు చీరలు, ఆరు పొరలు. పుట్టబోయే బిడ్డకైతే అన్ని పొరలక్కర్లేదు. తల్లీ అమ్మమ్మా కట్టి వదిలిన చీరలు రెండు చాలు. మూడు చీరలు మూడు తరాలవైతే బరువు సమంగా రాదు, అది చేత్తో చూసి సర్దుకోవాలి. పాత వాయిల్ చీర పలచన, చేనేత చీర బరువు. పలచటివి రెండు కలిపి ఒకటిగా లెక్కపెడతాను.

పరవడం అసలు కష్టం. గచ్చు తుడిచి, ఆరనిచ్చి, మొదటి చీర పరిచి, నాలుగు మూలలా రోకలో సన్నికల్లో ఇత్తడి చెంబో బరువు పెడతాం. పై పొర ఒకటొకటే వేస్తూ చేత్తో మధ్యనుంచి అంచులకు నిమురుతూ పోవాలి. ముడత లోపల ఉండిపోతే కుట్టాక తీసే దారి లేదు. పడుకున్నవాళ్ళ వీపుకి ప్రతి రాత్రీ అది గుచ్చుకుంటుంది. ఆ తరవాత టాకాలు. పెద్ద పెద్ద కుట్లు మధ్యనుంచి బయటికి వేసుకుంటూ పోతాం. పొరలు జరక్కుండా అవి పట్టి ఉంచుతాయి. అసలు కుట్టు పడ్డాక టాకా దారం లాగేస్తాం. అసలు కుట్టు మాత్రం అంచునుంచి మొదలుపెట్టి నాలుగు వైపులా చుట్టుకుంటూ లోపలికి వస్తాను. బియ్యపు గింజ పొడవు కుట్టు, వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. నలుగురు కూర్చుంటే నాలుగు అంచులూ ఒకేసారి నడుస్తాయి. ఒక్కొక్కరి కుట్టూ ఒక్కొక్కలా ఉంటుంది. పూర్తయ్యాక ఏ వరస ఎవరిదో నేను చెప్పగలను. ఒకరిది బిగువు, ఒకరిది వదులు, ఒకరిది ఎప్పుడూ కాస్త ఎడమకి వాలుతుంది.

మిషన్ మీద కుట్టొచ్చు కదా అని అడుగుతుంటారు. నా దగ్గర ఉషా మిషన్ ఉంది, జాకెట్లూ దిండు గలీబులూ దాని మీదే కుడతాను. ఆరు పొరల పాత గుడ్డను మిషన్ పాదం ముందుకు తోస్తుంది. పై పొర ముందుకీ కింది పొర వెనక్కీ జరిగి ముడత పడుతుంది. పైగా మిషన్ దారం బిగువు ఎక్కువ. పాత పోగు ఆ బిగువు తట్టుకోలేక కుట్టు పక్కనే చినుగుతుంది. చేతి కుట్టు గుడ్డ బలాన్ని చూసి లొంగుతుంది. అందుకని బొంతకు చెయ్యే.

బొంత ఎందుకు వెచ్చగా ఉంటుందో కూడా చెప్పాలి. వేడిని ఆపేది పొరల మధ్య నిలిచిన గాలి. అందుకే ఒక మందపాటి దుప్పటి కన్నా పలచటి ఆరు పొరలు మేలు. నూలుకు ఇంకో గుణం ఉంది. మామూలు వాతావరణంలో వంద గ్రాముల పొడి నూలు గాలిలోంచి దాదాపు ఎనిమిదిన్నర గ్రాముల తేమ పీల్చుకుని పెట్టుకుంటుంది. పాలిస్టరు అర గ్రాము కూడా పీల్చదు. మా వైపు ఉక్కలో ఒళ్ళంతా చెమటపట్టే రాత్రి ఈ లెక్క వీపుకి తెలుస్తుంది. అందుకే గత ముప్పై నలభై ఏళ్ళుగా బొంతలు తగ్గిపోతున్నాయని నా నమ్మకం. జనం సోమరులయ్యారని కాదు. ఇళ్ళలో పాతబడుతున్న చీరలు మారిపోయాయి. పాలిస్టరు చీర ఎన్నేళ్ళు కట్టినా మెత్తబడదు, జారిపోతుంది, సూదికి లొంగదు. పాత చీరల మూట తెచ్చి ముందుపెడితే నేను ముందు ఒక పోగు లాగి అగ్గిపుల్లకి పెడతాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. ఈ మధ్య మూటల్లో పూసలే ఎక్కువ.

పాత గుడ్డల మాట వచ్చింది గనక, మా మండలంలోనే జీలకర్రగూడెం దగ్గరున్న గుంటుపల్లి గుహల సంగతి చెప్పాలి. చూడనివాళ్ళు తప్పకుండా వెళ్ళి చూడండి. క్రీస్తుపూర్వపు బౌద్ధ స్థావరం అది. కొండను తొలిచిన గుండ్రటి చైత్యం ఒకటి ఉంటుంది. లోపలికి వెళ్ళి తలెత్తితే రాతి కప్పుమీద వాసాలు కనిపిస్తాయి. కొయ్య వాసాలతో కట్టిన గుండ్రటి పాక లోపలినుంచి ఎలా ఉంటుందో అచ్చం అలాగే రాతిలో చెక్కారు. పాక కట్టడం తెలిసినవాళ్ళ కన్ను అది. నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా అక్కడుండిన భిక్షువుల బట్టల గురించే ఆలోచిస్తాను.

ఎందుకంటే బౌద్ధ భిక్షువు కట్టే చీవరం కూడా అతుకుల బట్టే. పారేసిన గుడ్డలు, చెత్తకుప్పల మీదివీ శ్మశానంలోవీ ఏరుకుని, ఉతికి, రంగువేసి, ముక్కలు కలిపి కుట్టుకోవడం తొలిరోజుల పద్ధతి. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఒక ముచ్చట ఉంది. బుద్ధుడు దక్షిణగిరి వైపు నడుస్తూ మగధ పొలాలు చూశాడు. మడులు, మడుల మధ్య గట్లు, గట్లు కలిసే చోట నాలుగు మూలలు. శిష్యుడు ఆనందుణ్ణి పిలిచి, చీవరాలు ఆ మడుల తీరున కుట్టించగలవా అని అడిగాడు. ఆనందుడు కుట్టించి చూపించాడు. ఈనాటికీ భిక్షువుల చీవరం మీద ఆ మడుల గీతలు ఉంటాయి. వరిచేల దేశంలో పుట్టినదాన్ని కాబట్టేమో, ఈ ముచ్చట నాకు ఎంత చెప్పుకున్నా తనివితీరదు. పొలాన్ని చూసి గుడ్డ కుట్టిన మనిషి పేరు మనకు తెలియడం ఎంత అరుదు!

ఇంకో కథ కూడా ఆ పిటకంలోదే. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు ఆనందుడికి ఐదువందల వస్త్రాలు దానం చేశారు. రాజుకు కోపం వచ్చింది, ఇన్ని బట్టలు ఈయనకెందుకు, అంగడి పెడతాడా అని. వచ్చి ప్రశ్నలు వేశాడు. ఇన్ని వస్త్రాలు ఏం చేస్తారు? చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతాం. మరి ఆ చిరిగినవేం చేస్తారు? పక్కమీద పరిచే దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? నేలమీద పరుచుకునేవి. అవీ పాతబడితే? కాళ్ళు తుడుచుకునే గుడ్డలు. అవీ పోతే? దుమ్ము దులిపే గుడ్డలు. ఆ గుడ్డలు కూడా పోతే? చింపి, బంకమట్టిలో కలిపి పిసికి, నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో ఐదువందలు ఇచ్చాడు.

ఈ వరస వినగానే మా అత్తగారు గుర్తుకొచ్చారు. ఆవిడ పిటకాలు చదవలేదు. ఆవిడ ఇంట్లో మాత్రం గుడ్డ ఇదే దారిన నడిచేది. చీర, తరవాత బొంత, బొంత చిరిగితే దాని గట్టి భాగం కోసి చంటిపిల్ల కింద గుడ్డ, అది పోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ, మసిగుడ్డ చిరిగితే కిరసనాయిలు దీపం తుడిచే పేలిక. మట్టి అరుగు అలకడం మాత్రం మా కాలానికి పోయింది. రాజుగారి ప్రశ్నలన్నింటికీ ఆవిడ దగ్గర కూడా జవాబులుండేవి.

ఈ పని మన ఒక్కళ్ళదే కాదు. బెంగాల్లో కాంథా అంటారు, మహారాష్ట్రలో గోధడీ, కన్నడదేశంలో కౌది. ఉత్తర కన్నడ అడవుల పక్క ఊళ్ళలో సిద్దీలు ఉంటారు, ఆఫ్రికా నుంచి కొన్ని వందల ఏళ్ళ కిందట వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళు కుట్టే కవందీ కూడా అంచులనుంచే మొదలై చుట్టుకుంటూ మధ్యకి చేరుతుంది. చివర్న నాలుగు మూలలా గుడ్డ మడిచి పువ్వులు కుడతారు. పువ్వులు లేకపోతే బొంతకి నిండుదనం రాదని వాళ్ళ లెక్క. సముద్రం అవతల అమెరికాలో అలబామా నది వంపులో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలంలో కట్టి చిరిగిన పని బట్టలతోనే తరాల తరబడి బొంతలు కుట్టారు. 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం వాటిని పెద్ద పెద్ద చిత్రాల్లా గోడలకు తగిలించి చూపించింది. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు గుడ్డ అందులో అలాగే ఉంది. దాచలేదు, దాచే అవసరమూ లేదు. నేను ఆ బొమ్మలు చూసినప్పుడు ముందుగా నా కన్ను కుట్టు మీదికే వెళ్ళింది. గింజంత కుట్టే. వరసలు కాస్త వంకర. మా ఇంట్లో నలుగురు కూర్చుని కుట్టిన తీరే.

ఇక పొయ్యి. బొంత రోజున వంట వేరుగా ఉంటుంది. నలుగురు కూర్చుని కుడుతుంటే ఎవరూ లేచి పొయ్యి దగ్గర నిలబడటానికి కుదరదు. తనంతట తాను కాలే వంట కావాలి. మా గోదావరి జిల్లాల్లో దానికి దిబ్బరొట్టె ఉంది. ఒక గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కడిగి, నీళ్ళు పిండేసి అందులో కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి కాసేపు ఉంచాలి. దళసరి ఇత్తడి గిన్నెలో నూనె పోసి, కాగాక పిండి మందంగా వేసి, మూతపెట్టి, కింద సన్న సెగ, మూతమీద నిప్పులు. కిందనుంచీ పైనుంచీ వేడి సమంగా తగిలితేనే రొట్టె లోపల దూదిలా, బయట గట్టిగా ఎర్రగా వస్తుంది. బేకరీల వాళ్ళ ఓవెన్ చేసే పని అదే. మన అమ్మమ్మలు నిప్పుల పళ్ళెంతో చేశారు. ఇప్పుడు గ్యాస్ మీద చేసేవాళ్ళు తిరగేసి రెండో వైపు కాలుస్తారు. బాగానే ఉంటుంది గాని, నిప్పుల రొట్టెకి వచ్చే పగుళ్ళ పెచ్చు దానికి రాదు. ఆ పెచ్చు కోసమే పిల్లలు గిన్నె చుట్టూ చేరతారు. రొట్టె ముక్క బెల్లం పానకంలో ముంచుకుని తింటే, పొద్దుటినుంచీ వంగి కుట్టిన మెడనొప్పి ఒక మెట్టు దిగుతుంది. కారం కావాలనే వాళ్ళకి అల్లం పచ్చడి.

చలికాలం మా మెట్టలో పాలు త్వరగా తోడుకోవు. తోడు వేసిన గిన్నెను పాత బొంత ముక్కలో చుట్టి బియ్యం డబ్బాలో పెడతాను. తెల్లారేసరికి గడ్డపెరుగు. ఇడ్లీ పిండికీ అంతే. మనుషుల వెచ్చదనం అయిపోయాక బొంత ఇలా వంటింట్లో కొన్నాళ్ళు పనిచేస్తుంది.

పిల్లలు పెద్దయ్యాక మా ఇంట్లోకి కేకు కూడా వచ్చింది. అడుగు దళసరి గిన్నెలో ఇసుక పోసి, కాగనిచ్చి, దానిమీద కేకు గిన్నె పెట్టి మూతవేస్తే చాలు. దిబ్బరొట్టె తెలిసినవాళ్ళకి కేకు కొత్త విద్యేమీ కాదు, సెగ ఎంతో తెలియాలి, ఓపిక ఉండాలి. అందులో వేసే కోకో మా ఊరి చుట్టూ కాస్తుంది. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశే ముందుంది. అందులో మా జిల్లాదే పెద్ద వాటా. కొబ్బరి చెట్ల నీడన, మాను మీదే అతుక్కుని కాయలు కాస్తాయి. కాయ కొడితే లోపల తెల్లటి తీపి గుజ్జులో ముప్పై నలభై గింజలు. ఆ గింజల్ని గుజ్జుతో సహా చెక్క పెట్టెల్లో పోసి, గోనెలో అరిటాకులో కప్పి, కలియబెడుతూ అయిదారు రోజులు పులియనివ్వాలి. అప్పటిగ్గాని చాక్లెట్ రుచికి పునాది పడదు. తరవాత ఎండ. మా మండలంలోని తడికలపూడిలోనే గింజలు పులియబెట్టే కేంద్రం ఒకటి ఉంది. 2023లో హైదరాబాదులో తెరిచిన మనం చాక్లెట్ వాళ్ళకి గింజలు అక్కణ్ణుంచే వెళతాయి. ఆ పులుపు వాసన గాల్లో వచ్చినప్పుడు, ఇది చాక్లెట్ అవుతుందంటే మా చిన్నపిల్లలు నమ్మరు.

కోకో తోటలకు ఎలుకలూ ఉడతలూ పెద్ద బెడద. కాయకు కన్నం పెట్టి లోపలి గుజ్జు తినేస్తాయి. అందుకని మా వైపు ఇళ్ళలో పిల్లి ఉంటే ఎవరూ తరమరు. మా ఇంటి పిల్లులు తోటకీ వంటింటికీ బొంతకీ మధ్య తిరుగుతుంటాయి. వారానికోసారి కొల్లేటి వైపు నుంచి చేపల బుట్ట వచ్చిన రోజున మాత్రం వీధి గుమ్మం దాటవు.

వాటిలో ఒకటి మూడు రంగుల ఆడపిల్లి. తెలుపు, నలుపు, నారింజ. మా మనవరాలు దాన్ని బొంతపిల్లి అంటుంది. ఆ రంగుల వెనక మంచి శాస్త్రం ఉంది. పిల్లుల్లో నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. ఒకదానిమీద నారింజ, ఇంకోదానిమీద నలుపు ఉంటే, గర్భంలో పిండం పెరిగేటప్పుడే ఒక్కో కణంలో ఏదో ఒక ఎక్స్ పనిమానేసి నిద్రపోతుంది. నారింజ ఎక్స్ మేలుకున్న కణాల సంతానం ఒంటిమీద నారింజ ముక్క అవుతుంది. నలుపుది మేలుకుంటే నల్ల ముక్క. తెలుపు వేరే జన్యువు పని. ఇలా ఒక ఎక్స్ నిద్రపోతుందని 1961లో మేరీ లయన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చెప్పారు. మగపిల్లికి ఉండేది ఒకటే ఎక్స్ కాబట్టి మూడు రంగుల మగపిల్లి చాలా చాలా అరుదు. ఈ రంగుల ముక్కలు కలిసే తీరు ఒకేలా రెండుసార్లు రాదు. తల్లికీ పిల్లకీ కూడా ఆ ముక్కలు ఒకలా ఉండవు. నేను గుడ్డలు పేర్చేటప్పుడు దాని వీపు చూసి రంగులు ఎంచుకున్న రోజులున్నాయి.

బొంత పరిచామంటే పిల్లి వచ్చి సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. ముందుకాళ్ళతో గుడ్డను అదిమి అదిమి పిసుకుతుంది. పాలు తాగే పసితనంలో తల్లి పొట్టను పిసికిన అలవాటది, పెద్దయ్యాకా పోదు. పిల్లలు పెట్టే వేళకి బట్టల అలమర కింద మడిచిపెట్టిన బొంతే వెతుక్కుంటుంది. ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మా పిల్లి ఎన్ని చోట్లు తిప్పినా చివరికి బొంత దగ్గరికే తెస్తుంది. అప్పుడు ఆ బొంత దానిదే. పిల్లలు కళ్ళు తెరిచి నడిచేదాకా ఎవరం ముట్టుకోం.

కుట్టుపని చేసే ఇళ్ళలో పిల్లిని పెంచేవాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. దారంతో పిల్లి ఆడుకోవడం చూడముచ్చటగా ఉంటుంది, కానీ అందులో ప్రాణాపాయం ఉంది. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన ముళ్ళుంటాయి. దారం నోట్లో పడితే బయటికి ఉమ్మలేదు, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక అడుగున చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి దిగితే పేగులు కుచ్చెళ్ళలా ముడుచుకుపోయి కోసుకుపోతాయి. సూది కూడా ఉంటే చెప్పనక్కర్లేదు. నోటినుంచో వెనకనుంచో దారం కొస కనిపిస్తే ఎట్టి పరిస్థితిలోనూ లాగకండి. తినడం మానేసి వాంతులు చేసుకుంటుంటే వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. మా దగ్గర్లో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. నేను పని ఆపి లేచేటప్పుడు సూదినీ దారం ఉండనూ మూత ఉన్న డబ్బాలో పెట్టి లేస్తాను. కోకో పొడీ, చాక్లెట్ కూడా పిల్లికి విషమే. వాటిలోని థియోబ్రోమిన్ దాని ఒంట్లో మనకిలా త్వరగా కరగదు. కాబట్టి కేకు గిన్నె కడిగేదాకా వంటింటి తలుపు వేసి ఉంచుతాం.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పని ఎక్కువగా ఒకే రకం. తల్లి పోయాక ఆవిడ చీరలు ఏం చేయాలో తోచక మూటకట్టి తెస్తారు కూతుళ్ళు. తాడేపల్లిగూడెం నుంచి వస్తారు, హైదరాబాదు నుంచి వస్తారు. అమెరికాలో ఉన్న బిడ్డలకోసం కూడా కుట్టించుకు పోతారు. మూట విప్పి ఒక్కో చీర చూపిస్తూ ఇది అక్క పెళ్ళిలో కట్టింది, ఇది నాన్న తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసేటప్పుడు కొన్నది అని చెబుతుంటారు. నేను వింటూ వెలుతురుకి పట్టి చూస్తుంటాను. ఏది పైన, ఏది లోపల అని వాళ్ళు అడుగుతారు. చిరిగినదాన్ని లోపల పెడతానంటే మొదట్లో కొందరికి కష్టంగా ఉంటుంది. ఆవిడ ఎక్కువగా కట్టిన చీరే ఎక్కువగా చిరిగి ఉంటుంది కాబట్టి. అది నడుమ పొరలో ఉంటే నాలుగు వైపులనుంచీ మిగతా చీరలు కాపాడతాయని చెప్పి ఒప్పిస్తాను. నిజం కూడా అదే.

దీనికి కూలి ఎంత తీసుకోవాలన్నది నాకు చాలాకాలం తేలలేదు. బజార్లో పానిపట్టు దుప్పట్లూ సోలాపూర్ చద్దర్లూ చవగ్గా దొరుకుతాయి. వాటి ధరతో పోల్చి బేరమాడేవాళ్ళున్నారు. ఇప్పుడు నేను చీరల లెక్కన కాకుండా కూర్చున్న గంటల లెక్కన తీసుకుంటున్నాను, నాతో కూర్చున్న వాళ్ళకీ సమంగా పంచుతాను. మరియా మీస్ గారి పుస్తకం గురించి తెలిశాకే ఆ ధైర్యం వచ్చింది. గంట అనగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఆగి, సరేనంటారు.

మీ ఇంట్లో పాత బొంత ఉంటే ఒక పని చేయమని అడుగుతున్నాను. ఈ ఎండలకి ఎలాగూ బయట ఆరేస్తారు. ఆరాక మడత పెట్టేముందు ఒక మూల, లోపలి వైపు, సూదీ దారంతో కుట్టినవాళ్ళ పేరు కుట్టండి. తెలిస్తే ఊరి పేరూ, ఏడాదీ కూడా. నలుగురు కుట్టి ఉంటే నలుగురి పేర్లూ. కుట్టినవాళ్ళు ఇంకా ఉంటే ఏ వరస ఎవరిదో వాళ్ళనే అడిగి తెలుసుకోండి, చేత్తో తడిమి చెబుతారు. రంగు దారం వాడండి, ఉతుకులో వెలవని నూలు దారం. అక్షరాలు చిన్నవిగా, కుట్టు మాత్రం దగ్గర దగ్గరగా వేయండి.